అడుగు తగిలే మాట

ముప్పై రెండేళ్లు హార్బరు కాలువలో
సీసపు గుండు కట్టిన తాడు దించాను.
పైన నీళ్లెంత నున్నగా ఉన్నా
అడుగు తగిలాకే అంకె చెప్పాలి.

ఒక్కసారి చెప్పలేదు.
తుపాను మర్నాడు, తాడు తడపకుండానే
పాత చార్టు చూసి తొమ్మిది మీటర్లని రాసేశాను.
పైలట్ పరదేశి గారు తిట్టలేదు,
నన్నే లాంచీ ఎక్కించారు.
ఏడున్నర.
రాత్రికి రాత్రి ఇసుకొచ్చి పడుకుంది.
ఆ అంకె నమ్మి రావాల్సిన ఓడ
బయట లంగరు మీద ఊగుతోంది.

నిన్న జగదాంబ జంక్షన్లో టీ తాగిస్తూ
గండిబాబు మెరిసే కాగితం చేతిలో పెట్టాడు.
"పీఎఫ్ మొత్తం ఇందులో పడీరా,
ఆరేళ్లకి రెట్టింపు. గ్యారంటీ."
గ్యారంటీ ఎవడిది?
"అందరూ వేస్తన్నారు కదేటి!"
కింద చీమ తలకాయంత అక్షరాలు.
కళ్లజోడు తుడుచుకుంటుంటే
"అవి మామూలువేలే" అని
కాగితం మడిచేశాడు.

ఇవాళ పెన్షన్ సెక్షన్లో వరహాలమ్మ గారిని అడిగాను,
నెలకెంతొస్తుంది, ఇదెంత నిజం అని.
మొదటిది లెక్క కట్టి, మళ్లీ కట్టి,
పైసలతో సహా రాసిచ్చారు.
రెండోది అటూ ఇటూ తిప్పి చూసి
"నాకు తెలీదండి.
కనుక్కుని సోమవారం చెప్తాను" అన్నారు.

చేతిలో తాడు వదులైనట్టయింది,
గుండు నేలను తాకినప్పటిలా.