ఇంటి వాడకం

మూణ్ణెల్లకే మొరాయించింది మిషను.
నర్దిచెక్క గరిటె కాడ నునుపు తేలుస్తుంటే
ఒక్కసారిగా కమురు కంపు, పొగ,
ఆనక ఉడుంపట్టు.

అట్టపెట్టె దాచుండా. కార్డు దాచుండా.
బిల్లయితే బీరువాలో, నిఖా కాగితం మడతలో.
తీసి చూస్తే తెల్లకాగితం.
ఎండకి పెట్టలా, తడి తగల్లా,
అక్షరాలు యాడికి లేచిపొయ్యాయో.

ఉదయగిరిలో ఐదున్నర బస్సు.
ఆత్మకూరులో టీ, నెల్లూరులో ఎండ.
ట్రంకురోడ్డు సందులో మెట్లెక్కితే సర్వీసు సెంటరు.
అద్దాల తలుపు మీద నవ్వతా ఒక బొమ్మ,
చేతిలో నా మిషనే. దుమ్ము లేదు దానికి.

పేరు చెప్పమన్నాడు పెంచల కిశోరు.
దరియాబీ అన్నా.
దర్యా బేబీ అని కొట్టాడు కంప్యూటర్లో.
యాభై రెండేళ్లకి బేబీనయ్యా,
సరే, మిషను బాగైతే చాలు.

"బిల్లులో ఏమీ లేదే?"
"ఉన్నింది అబ్బయ్యా."
"ఉన్నట్టు చూపించాల."

రెండోసారి అంగడాయన్ని బతిమాలి నకలు తెచ్చా.
సోమారం రమ్మన్నాడు.
సోమారం పోతే సారు లేడు.
"ఆడోళ్లకి బస్సు ఉచితమే గదమ్మా, ఇంకోసారి రా."
నిజమే, బస్సు ఉచితం.
ఆ రోజు చెయ్యని పన్నెండు గరిటెలు
ఏ టికెట్టులో కొడతారో కండక్టర్ని అడగలా.

నాలుగోసారి, కార్డు వెనక చీమల బారు లాంటి అక్షరాలు
వేలు పెట్టి చదివి వినిపించాడు:
ఇంటి వాడకానికే వారంటీ.
వ్యాపారానికి వాడితే వర్తించదు.

ఇల్లంటే ఏందబ్బయ్యా?
పొయ్యి ఈ పక్క, మిషను ఆ పక్క.
ఎసరు కాగేలోపల రెండు దువ్వెనలకి పళ్లు కోస్తా,
పొట్టు ఊదేసి బియ్యం పోస్తా.
మా కోడలు బిడ్డకి పాలిస్తానే
ఫోర్కులకి నూనె పూస్తది.
ఇల్లు యాడ ఆగుద్ది, వ్యాపారం యాడ మొదలవుద్ది,
ఒక గీత గీసి చూపీ,
దానికి ఇవతలే కూర్చోని చేసుకుంటా.

కిశోరు కంప్యూటరు కేసి చూశాడు.
కంప్యూటరు అతని కేసి చూసింది.

మంచోడే పాపం.
మధ్యాన్నం క్యారేజీ విప్పి, స్పూను మర్చిపొయ్యానని
సాంబారన్నం ముందు దిగాలు పడుంటే
సంచిలోంచి ఒకటి తీసిచ్చా.
తిప్పి తిప్పి చూశాడు.
"ఎన్నాళ్లు మన్నుద్ది?"
"విరిగితే చెప్పు, ఇంకోటిస్తా."
"బిల్లు?"
"నువ్వు తింటుంటే చూశా గదా."

మిషను సంచిలో వేసుకోని దిగొచ్చా.

మా బస్టాండు వెనక ఫ్యాన్లు చుట్టే మాలకొండయ్య
స్క్రూ మీది ఎర్రసీలు కాడ చెయ్యి ఆపాడు.
"ఇది తెగితే వారంటీ పోద్ది బూబమ్మా."
పోనీ అన్నా.
పోయింది. మిషను తిరిగింది.
రాగితీగ, కార్బన్లు, కూలీ కలిపి ఆరొందల యాభై,
మూడు శుక్రవారాల్లో ఇమ్మన్నాడు.

కంపెనీ నుంచి ఫోను, తేనె గొంతు.
"దర్యా బేబీ గారూ, మీ ఫిర్యాదు పరిష్కారమైంది.
మా సేవకి ఎన్ని చుక్కలు ఇస్తారు?"
చుక్కలు చూపించింది మీరేనమ్మా,
లెక్క మీ కాడే ఉండాల.

మొన్న పెంచల కిశోరు చేశాడు.
స్పూను కాడ విరిగిందంట, చెప్పను మొహమాటపడతా.
ఇంట్లో వాడావా, ఆఫీసులో వాడావా? అని అడిగా.
అవతల చప్పుడు లేదు.
నవ్వా. కాసేపటికి అతనూ నవ్వాడు.

సోమారం రమ్మన్లా.
కలివి చెక్కలో దిట్టమైంది ఏరి
ఆ తెల్లబడ్డ బిల్లులోనే చుట్టి
ఐదున్నర బస్సు డ్రైవరుకిచ్చా.
కాగితం మీద చోటుకేం కొదవ,
మా మనవరాలి చేత పెద్దచ్చరాలతో రాయించా:
దరియాబీ, ఉదయగిరి.