పిచ్చుక మీద

వే బ్రిడ్జి మీద రోజుకి నూట పాతిక లారీలు తూస్తాను.
బండి బరువు, బొగ్గు బరువు, మధ్యలో నా సంతకం.
ఇంటికొస్తే గడప మీదా బొగ్గే.
తెల్లబట్ట ఆరేయడం మానేసి పదకొండేళ్లు.

కింద వాటా ఎల్లాజీ పెన్‌డ్రైవ్ తెచ్చిచ్చాడు.
"ఆట, పిన్నీ. మేం ముగ్గురం చేసినాం.
మద్దిలపాలెంలో అద్దెగది, రెండేళ్లు, ఒకటే ఫ్యాను.
నువ్వూ ఆడితే పద్నాలుగు మంది ఆడినట్టు."

నా లాప్‌టాప్ ఉప్పుగాలికి తుప్పట్టింది.
ఎడమ బాణం మీట ఓ పట్టాన దిగదు.
అందుకని మావాడు ఎడమకి వెళ్లాలంటే
కుడివైపు నుంచి ఊరంతా చుట్టి రావాలి.

వాడి పేరు గొడుగుల సింహాద్రి.
వానే పడని ఊళ్లో గొడుగులు బాగుచేస్తాడు.
బేరాల్లేవు. అయినా పొద్దున్నే తలుపు తీసి
దారం కొస నాలికతో తడిపి
సూదికెక్కించి కూచుంటాడు.
అక్కడే పడిపోయాను నేను.

మనుషులు అగ్గిపుల్ల తలంత. మొహానికి మూడు చుక్కలు.
రెండు కళ్లు, మూడోది నోరో దిగులో తెలీదు.
పగలు వెలిగే వీధిదీపం ఒకటుంది,
అడిగితే "షిఫ్టు మార్చమని అర్జీ పెట్టాను" అంటుంది.
పోస్టాఫీసు నడిపేది మేక.
ఉత్తరాలేవీ చేరవు, కానీ
తిన్న ప్రతి ఉత్తరమూ దానికి కంఠతా వచ్చు.

జెట్టీ కింద పీత, రిటైరైన తాసీల్దారు.
దారి వదలాలంటే నివాస పత్రం చూపించమంటుంది.
ఆ మధ్యాహ్నం వాన పడింది మాకు.
తడిసిన బొగ్గు బరువెక్కుతుంది కదా,
డ్రైవరు నన్ను దొంగన్నాడు, సూపర్‌వైజరు విని నవ్వాడు.
రాత్రి పీత "అసలు పత్రం ఏదయ్యా" అంది.
సూదితో పొడిచాను. ఏడుసార్లు.
రెండో పోటుకే పోయింది.

రక్తం లేదు. పాయింట్లు లేవు.
తెర అడుగున ఒకే వాక్యం:
ఊళ్లోంచి ఒక సామెత పోయింది.

కిళ్లీకొట్టు ముసలమ్మ ఏదో చెప్పబోయి
"పిచ్చుక మీద..." అని ఆగింది.
పన్ను ఊడినచోట నాలిక తడిమినట్టు
మళ్లీ "పిచ్చుక మీద..."
తర్వాత ఆకులు లెక్కపెట్టుకుంది.

నవ్వాను. నవ్వాక చూస్తే
నాకూ గుర్తు రాలేదు. ఒట్టు.
నలభై ఏడేళ్లుగా నోట్లో అరిగిన మాట.
సింధియా దగ్గర ఇడ్లీబండి పైడమ్మని అడిగాను.
"పిచ్చిక మీద ఏటుంటాదమ్మా, ఈకలుంటాయి."
లారీ దిగిన డ్రైవర్నీ అడిగాను, అదే డ్రైవర్ని.
"ఏటి పెట్టినా మీ కాటాకి తెలీదు మేడం."
ఇద్దరం నవ్వాం.
మీకు గుర్తుంటే చెప్పకండి.

"మొదట్నించీ ఆడితే చెరిగిపోదా?"
మెట్ల మీద టిఫిన్ డబ్బా కడుగుతున్నాడు ఎల్లాజీ.
"పోదు పిన్నీ. అలాగే రాసినాం.
ఓపాలి జెట్టీ కిందికెల్లు. ఏ మీటా నొక్కకు."
"ఎంతసేపు?"
"ఏమో. మాలో ఒకడు నలభై నిమిషాలున్నాడు. ఆడికి ఆకలేసింది."

ఆదివారం కూచున్నాను.
అలలు చదరాలు చదరాలుగా వచ్చి పోతున్నాయి.
కిటికీలోంచి డాల్ఫిన్ నోస్ దీపం
క్యాలెండరుని తాకి పోతోంది, మళ్లీ తాకి పోతోంది.
పప్పు మాడింది. లేవలేదు.
ఫోను మోగింది, డ్యూటీ వాళ్లే.
సింహాద్రి సూదిని జేబులో పెట్టుకున్నాడు.
నేను చెప్పలేదు.

యాభయ్యో నిమిషమో ఎంతో, లెక్క తప్పాను,
ఇసకలో చిన్న కన్నం. కన్నంలో మూడు చుక్కలు.
ఆ పీత కాదు. పిల్ల.
"గొడుగుందా?" అంది.

తెర పైనించి ఒక గీత జారింది. తర్వాత ఇంకోటి.
దుకాణం ఎడమవైపే, నాలుగడుగులు.
తుప్పు మీటని బొటనవేలితో అదిమాను.
దిగలేదు.
సరే, కుడివైపు నుంచే.
మేకని దాటి, దీపాన్ని దాటి,
గొడుగులవాడు ఊరంతా చుట్టి
తడుస్తూ పరిగెడుతున్నాడు.