పన్నెండు దిర్హాముల సీసా

రాస్ అల్ ఖైమా దాటినంక
పెట్రోల్ బంకు వెనకాల, టైర్ల కొట్టు పక్కన
బోర్డు లేని షట్టరొకటుంటది.
బోర్డుతోని పనేముంది, తెలిసినోల్లే వస్తరు.

లోపల చలి.
అద్దాల అరలల్ల దొరల లెక్క నిలబడ్డ సీసాలు.
వాటి దిక్కు చూడం,
మా జీతాలు మెడకు కట్టుకొని నిలబడ్డై.
మా కాళ్లు వాటంతటవే ఆఖరి మూలకు పోతయి,
ఇనుప బుట్ట కాడికి.
లేబుల్ చినిగినవి, తడిసినవి,
పెట్టెల జత తప్పినవి.
నారింజ రంగు చీటీ మీద: పన్నెండు.

"అంటే రెండు వందల డెబ్బై ఆరు" అన్నడు లస్మయ్య.
ఇరవై మూడుతోని గుణించుడు
మాకు ఊపిరి తీసుడసొంటిది.

మొగిలి గౌడ్ లెక్క చెయ్యలే.
వంగి, ఒక్కొక్క సీసా మెడ పట్టి ఎత్తి
ట్యూబులైటుకు అడ్డం పెట్టి చూసిండు.
ముప్పై ఏండ్లు లొట్లు దించిన చెయ్యి అది.
ఇప్పుడు రోడ్డు నడుమ ఖర్జూరాలకు మట్టలు కొడుతది,
కంపెనీ క్రేను మీద, పచ్చ కోటేసుకొని.
"మోకు లేని ఎక్కుడు గూడ ఎక్కుడేనారా" అంటడు.

ఆరు మంచాల రూముల
బిరడా తీసేది ఎవ్వలి కాడ లేదు.
ఏసీ మెకానిక్ దుబ్బయ్య
స్క్రూ దింపి పట్కారుతోని గుంజిండు.
సగం విరిగి లోపట పడ్డది.
చాయ జాలిల వడగట్టినం.
స్టీలు గిలాసల
నేరేడుపండ్లు తిన్న నాలుక రంగు.

నేనైతే దగ్గుమందు అనుకున్న.
మొగిలి గౌడ్ నోట్లె పట్టి, మింగక,
కిటికీ దిక్కు మొఖం తిప్పిండు.
రూమంత ఆగింది. ఫ్రిజ్జొక్కటే గుర్రుమంటున్నది.

"ఈ చెట్టుకు నీళ్లు దొరకలే" అన్నడు.
"రాళ్లల్ల పుట్టింది. వేరు శానా దూరం పోయింది."
ఇంకో గుక్క.
"చేసినోనికి తొందర లేకుండె."

చినిగిన లేబుల్ మీద కూడబలుక్కొని చదివిన: మోల్డోవా.
అది దేశమో, కంపెనీయో, ఆడమనిషి పేరో
మాల ఎవ్వలికీ తెల్వది.
దుబ్బయ్య ఫోన్ల మ్యాపు పెద్దగ చేసి చూపెట్టిండు,
గోరంత దేశం, సముద్రం లేదు.
"వాళ్ల పిలగాండ్లు గూడ యాడికో పోతుంటరు తియ్యి"
పై మంచం మీదికెల్లి ఎవలో అన్నరు.

పై శుక్రవారం మళ్ల పోయినం.
బుట్టల అది లేదు.
అద్దాల అరల ఉన్నది,
సాపు లేబులేసుకొని, అరవై ఐదు.
మొగిలి గౌడ్ దాని ముంగట జరసేపు నిలబడి
పెండ్లిల దూరపు చుట్టాన్ని చూసినట్టు తలూపి
బుట్ట కాడికే వచ్చిండు.
ఎత్తిండు, చూసిండు, ఇంకోటి ఏరిండు.
తొమ్మిది దిర్హాములే.

అది వట్టి పులుపు.
పండ్లు జివ్వుమన్నయి.
లస్మయ్య నవ్విండు, పైసలడిగిండు.
"అన్ని తాళ్లు పారుతయారా" అని
మొగిలి గౌడ్ లేచి
పొయ్యి మీది చేపల కూరల వంపిండు.

ఆ రాత్రి పులుసు మట్టుకు
చింతపండు లేకుండనే కుదిరింది.