గండుచేప నోరు

హిరొసాకిలో ఆపిల్ గోదాము వెనక
చెక్క నేల గది ఒకటుంది.
మంచు కిటికీని సగం దాకా మింగాక
తొమె గురువు వస్తుంది.
ఎనభై రెండేళ్ళు, రబ్బరు బూట్లు,
ఒక చంకలో ఉల్లికాడల కట్ట,
రెండో చంకలో గుడ్డ చుట్టిన కత్తి.
ముందు ఉల్లికాడల్ని కిరసనాయిలు పొయ్యికి దూరంగా పెడుతుంది.
ఆ తర్వాతే మా నమస్కారాలు.

మొదటి చలికాలమంతా కూర్చోవడమే.
మోకాళ్ళు మడిచి, మడమల మీద,
కాళ్ళు నావి కావనిపించేదాకా.
"కత్తెప్పుడు?" అన్నానొకసారి.
"లేచి చూడు" అంది.
లేచాను. పడ్డాను.
"ముందు నేలలోంచి నిన్ను నువ్వు దూసుకో."

రెండో ఏడు ఒర.
కత్తి మీద సామంటారు గానీ
ఇక్కడ సామంతా ఒర మీదే.
కుడిచెయ్యి కత్తిని లాగదట,
ఎడమచెయ్యి ఒరని వెనక్కి తీసుకుంటుందట,
నిద్రపోయిన బిడ్డ తల కింద నుంచి
చెయ్యి తీసుకున్నంత మెల్లగా మొదలై
ఆఖరి జానెడులో
తెగిన తాడులా.

ఒర మూతిని ఇక్కడ గండుచేప నోరంటారు.
బొటనవేలితో పిడిబిళ్ళని
వెంట్రుకవాసి ముందుకు నెడితే
చేప నోరు తెరుస్తుంది.
ఎదుటివాడికి అంతతో తెలిసిపోతుంది.
"మళ్ళీ మూయించడం నేర్చుకో" అంటుంది తొమె,
"బతుకులో ఎక్కువసార్లు పనికొచ్చేది అదే."

పిడి పట్టడం మాత్రం గోదామే నేర్పింది నాకు.
పగలంతా పళ్ళు ఏరి పెట్టెల్లో పేరుస్తాను,
వేలి గుర్తు పడితే ధర సగం.
చిటికెనవేలిలో, ఉంగరంవేలిలో బిగువు,
చూపుడువేలు ఊరికే తోడొచ్చిన చుట్టం.
నా పట్టు చూసి ఆమె ఏమీ అనలేదు.
ఏమీ అనకపోవడమే ఆమె మెప్పని
పాత శిష్యుడు మొగామి చెవిలో చెప్పాడు.

నరికాక నెత్తురు విదిలించాలి.
గొడుగు మీద వాన దులిపినట్టు
పక్కకి ఒక్క విసురు.
లేని మనిషిని నరికి
లేని నెత్తురు దులపడం!
నవ్వు ఆపుకోలేక అడిగాను:
"ఎవరిదండీ ఈ నెత్తురు?"
తొమె ఉల్లికాడల వైపు చూసి
"ఇవాళ చారు కాయాలి" అంది.

ఇక ఒరలో పెట్టడం.
కత్తి వీపు
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం మీద జారుతూ పోయి
మొన తనంతట తాను చేప నోట్లో పడాలి.
చూడకూడదు. చూపు ఇంకా
పడిపోయినవాడి మీదే ఉండాలి.
నేను చూస్తున్నానని పసిగట్టి
ఓ ఫిబ్రవరి రాత్రి
తువ్వాలుతో కళ్ళు కట్టింది.
పన్నెండు సార్లు బాగానే పెట్టాను,
పదమూడోసారి లెక్కపెట్టుకుంటూ పెట్టాను.

నొప్పి కాదు, ముందు వెచ్చదనం.
తువ్వాలు విప్పి చూస్తే
పలక మీద ఒకే ఒక్క చుక్క.
ఉల్లికాడలు కట్టిన గుడ్డ విప్పి
మొదట నేల తుడిచింది,
తర్వాత నా చెయ్యి.
"ఇన్నాళ్ళకి వచ్చాడు నీ ఎదుటివాడు" అని
పొయ్యి వత్తి పెంచడానికి వెళ్ళిపోయింది.

ఈ ఏడు తొమె కత్తి పట్టడం లేదు.
కొమ్మలు కత్తిరిస్తూ నిచ్చెన మీంచి పడింది,
కుడి భుజం ఇక లేవదు.
పొయ్యి దగ్గర మా వైపు వీపు పెట్టి కూర్చుని
వింటుంది.
"ఆ ఈల బాగుంది" అంటుంది గోడతో,
"బాగుందని నీకు తెలిసిపోయింది, అది బాగాలేదు."

నిన్న రాత్రి అందరూ వెళ్ళాక
ఒక్కణ్ణే దూశాను, నరికాను,
దులిపాను, పెట్టేశాను.
చాలాసేపటికి ఆమె వీపు అడిగింది:
"ఇంకా మొదలెట్టలేదా?"
"అయిపోయిందండీ."
"నాకేం వినపడలేదే."

ఆమె చెవి మందగించిందో,
నా చేప నిజంగా నోరు మూసిందో.
అడగలేదు.
ఆమె బూట్లు తొడుక్కుని
కట్టలోంచి రెండు ఉల్లికాడలు లాగి
ఎడమచేత్తో నాకిచ్చింది,
కొసలు తన వైపు ఉంచుకుని,
పిడి నా వైపు.