మూడో పాదం

తకొరాడి రేవులో ఆ ఏడు
కోకో బస్తాలు వానకు నాని మొలకలెత్తాయి.
చేపల గిడ్డంగి మీద ఒక గది,
గోడలకు పాత పరుపులు కొట్టి
స్టూడియో అనుకున్నాం.
కింద ఐసు మిషను గుర్రుమంటే
పైన పాట ఆగాల్సిందే.
నేను టేపు తిప్పే కుర్రాణ్ణి, పంతొమ్మిదేళ్లు.
చేతికి వాచీ లేదు
నిమిషాలు మాత్రం నా చేతిలోనే ఉండేవి.

ఏకో టాండో
రైల్వే గూడ్సు షెడ్డులో రసీదులు రాసేవాడు.
పాటను సిగరెట్టు పెట్టె అట్ట మీద రాసుకొచ్చాడు.
ట్రంపెట్ బాడూ జ్వరంతోనే వచ్చాడు.
డ్రమ్ములు తాకట్టులో ఉన్నాయి
ఫీఫీ బిస్కెట్ డబ్బా బోర్లించి
రెండు చెంచాలు పట్టాడు.
ఇప్పుడంతా దాన్ని ప్రయోగం అంటున్నారు.

టేపు మిగిలింది నాలుగు నిమిషాలకే.
ఏడు కొట్టగానే కరెంటు పోతుంది.
మొదటి పాదం బాగా వచ్చింది
రెండోది ఇంకా బాగా.
మూడో పాదం దగ్గర
ఏకో కళ్లు మూసుకుని నోరు తెరిచాడు
మాట రాలేదు.
మ్మ్... మ్మ్మ్... హా
అని పన్ను సలిపినవాడిలా మూలిగి
నాలుగో పాదంలోకి దూకేశాడు.
వెనక పాడుతున్న అరాబా
నవ్వాపుకోలేక
ఆ మూలుగునే తిరిగి మూలిగింది.
ఆపే మీట మీద వేలు పెట్టి
తీసేశాను.
ఎందుకో అడక్కండి.

నెల తిరక్కుండా దేశమంతా మూలిగింది.
ట్రోట్రో బండ్ల వెనక
ఆ చప్పుడును అక్షరాల్లో పెట్టబోయి
పెయింటర్లు తలొక రకంగా రాశారు,
ఒక బండి మీద ఆరు మ-లు
ఇంకో దాని మీద రెండే.
చిల్లర లెక్క తప్పినప్పుడు
కెంకే అమ్మేవాళ్లు మూలిగారు
ప్రభుత్వం మారిన రోజు రేడియోలో
ప్రకటనకూ ప్రకటనకూ నడుమ అదే.
అది నోరు నొక్కేసిన జాతి మౌనమని
ఒక ప్రొఫెసరు వ్యాసం రాశాడు.
ఏకో దాన్ని నాతో రెండుసార్లు చదివించుకుని
అంత ఉందా అందులో, అన్నాడు.

మాకు దక్కింది తలా నలభై సెడీలు
ఒక బుట్ట ఎండుచేపలు.
బాడూకి చేపలూ దక్కలేదు
ఆ జ్వరం తగ్గలేదు.

ఎక్కడో చలిదేశంలో ఎవరో
ఆ మూలుగును కత్తిరించి
డాన్సు క్లబ్బుల కోసం
ముక్క వెనక ముక్క కుట్టారట.
మనవరాలు ఫోనులో చూపించింది.
నేలమాళిగలో చెమటలు కక్కుతూ పిల్లలు గెంతుతున్నారు
వాళ్ల మధ్య ఏకో, ఇరవై ఆరేళ్ల ఏకో,
ఇంకా
గుర్తు తెచ్చుకుంటూనే ఉన్నాడు.

లాయరొకడు వచ్చాడు.
ఈ భాగం రాసిందెవరు?
ఎవరూ రాయలేదు బాబూ, మర్చిపోయారు.
మర్చిపోయిందెవరో రాయడానికి
అతని ఫారంలో గడి లేదు.

నిరుడు ఏకో పోయాడు.
ఎరుపూ నలుపూ బట్టల్లో ఊరంతా వచ్చింది.
బ్రాస్ బ్యాండు ఆ పాటే ఎత్తుకుంది.
మూడో పాదం దగ్గర
పాస్టరుతో సహా వెయ్యి గొంతులు మూలిగాయి.
ఈసారి అరాబా నవ్వలేదు.
మోచేత్తో నన్ను పొడిచి అడిగింది,
ఆ అట్ట నువ్వే దాచావు కదూ
అసలు ఏం రాశాడు?

పర్సులో ఉంది, యాభై ఏళ్లుగా.
చెమటకు సిరా సగం పోయింది
నాకెలాగూ నోటికి వచ్చు.
చెప్పాను:
'కెంకే ధర తగ్గాక కబురంపు
పెళ్లికి సిద్ధమై వస్తాను.'

అరాబా చాలాసేపు
చేతిరుమాలు మడతపెట్టింది, విప్పింది, మడతపెట్టింది.
ధర ఎప్పుడు తగ్గింది కనక, అంది.

బ్యాండు మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది.