పేర్లు చెప్పను

బర్కత్‌పురాలో, జిరాక్స్ షాపు పైన
నా మొదటి గది.
కింద మిషను ఆగినప్పుడే
పైన ఎవరో ఒకరికి ఏడుపొచ్చేది.
పేర్లు చెప్పను.
ఒకావిడ మూడు వారాలు
గుమ్మంలో చెప్పులు విప్పి, గంటసేపు కూర్చుని,
చెప్పులేసుకుని వెళ్లిపోయింది.
నాలుగో వారం,
"మీ ఫ్యాను మరీ చప్పుడండీ" అంది.
అదే మొదటి మాట. అక్కణ్నుంచే అన్నీ.

తార్నాకలో పాఠం చెబుతుంటే
వెనక బెంచీలోంచి జుబేదా లేచింది:
"మేడమ్, ఎదుటివాళ్లు మాట్లాడకపోతే
మనం ఎంతసేపు ఊరుకోవాలి?"
బోర్డు మీద రాసే జవాబు కాదది.
సుద్దముక్క వేళ్ల మధ్యే అరిగింది.
ఆ పూట క్లాసు ముందే వదిలేశాను.

ఇప్పుడు రాయదుర్గం, పంతొమ్మిదో అంతస్తు.
మెడలో విజిటర్ కార్డు. నా గంటకిచ్చేది
ఆ పాత గది ఆర్నెల్ల అద్దె.
నాయకత్వం మీద నలభై స్లైడ్లు,
చప్పట్లు, సమోసాలు.
అందరూ లేచాక పెద్దాయనొక్కడూ మిగిలాడు,
మార్కర్ మూత తీస్తూ, పెడుతూ.
లిఫ్టు వచ్చింది, తెరుచుకుంది,
ఎవరూ ఎక్కకుండానే మూసుకుంది.
నేను ఊరుకున్నాను.
ఇంతసేపు, జుబేదా.
ఇంకాసేపు.

"ఈ ఏసీ ఒకటి, హోరు..." అన్నాడాయన.

కార్డు తీసి బల్ల మీద పెట్టి
కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.