అక్షరానికి పన్నెండు రూపాయలు

ఒత్తుకూ దీర్ఘానికీ నా దగ్గర వేరే లెక్క లేదు.
'క్ష్మి'కైనా 'ర'కైనా ఒకటే రేటు.
అప్పుడు పన్నెండు, ఇప్పుడు ఇరవై అయిదు.
కొండమల్లేపల్లి చౌరస్తల, పంక్చర్ దుకాణం పక్కన,
నీలిరంగు పట్టా కింద
సచ్చినోళ్ళ పేర్లు ఎన్ని చెక్కిననో
గెలిచినోళ్ళ పేర్లు గూడ అన్నే చెక్కిన.

డిగ్రీ కాలేజీకి మొదటి రాయి
పదహారేండ్ల కింద.
మూడు వందల పన్నెండు అక్షరాలు.
'రెండు కోట్ల నలభై లక్షల అంచనా వ్యయంతో' అన్న కాడ
ఉలి జారి 'వ్య' పెచ్చు లేచింది.
ఇంజనీరు సారు చూసి, పసుపు పూస్తే కనబడదులే అన్నడు.
కొబ్బరికాయ పగిలింది. కార్లు లేచిపోయినయి.
పునాది దాక బిల్లొచ్చింది.
పిల్లర్ల దాక మాటొచ్చింది.
స్లాబు దాక ఏదీ రాలే.
ఇనుప చువ్వలు మాత్రం మొగులు దిక్కు నిలబడ్డయి,
హాజరు పిలుస్తరని చేతులెత్తి
దించుడు మర్చిపోయిన పిల్లల లెక్క.

అన్నాళ్ళు చదువు మార్కెట్ యార్డు గోదాంల.
ఒక దిక్కు పల్లికాయ బస్తాలు, ఒక దిక్కు బీకాం సెకండియర్.
నా బిడ్డ నవనీత ఇంటికొస్తే జడల పల్లిపొట్టు.
కాటాల చప్పుడుకు పాఠం ఇనబడక
నోట్సుల సగం పేజీలు ఖాళీగ ఇడిసేది.

రెండో రాయి క్వారీ సేటుది.
హైవే మీద ఆయనకు అద్దాల ఇంజనీరింగు కాలేజి.
అది గూడ సర్కారు కట్టిన ఫీజులతోనే లేచిందని
చాయ్ హోటల్ల అందరికీ ఎర్కే,
ఎవ్వరూ గట్టిగ అనరు.
తల్లి పేరు మీద పై అంతస్తు కట్టిస్తనన్నడు.
పేరు పెట్టాలంటే సగం ఖర్చు పెట్టాలె, అన్నది ఫైలు.
పావు వంతే, అన్నడు సేటు.
ఫైలు నల్లగొండ పోయింది, హైదరాబాదు పోయింది,
తిరిగొచ్చేటాళ్ళకు సేటు మనసు తిరిగింది.
నాకు అడ్వాన్సు ఇచ్చిండు, మిగిలింది ఇయ్యలే.
ఆ ఒక్క కాడ సర్కారుకూ సేటుకూ
నాకేం తేడా కనబడలే.

మూడోసారి అప్పు తెచ్చిన్రు.
కొత్త కోర్సులు పెడతరంట,
పిల్లల ఫీజులతోని కిస్తీలు తీరుతయంట.
నవనీత నోటిలెక్క కట్టి అన్నది:
"నాయినా, రాయి మీద పేర్లు వాళ్ళయి, రాయి బరువు మాది."

స్లాబు పోసిననాడు నేనక్కడనే ఉన్న.
సగం పడ్డంక కాంట్రాక్టరు ఫోను ఎత్తుడు బందు చేసిండు.
నిధులు ఎక్కడన్న ఆగుతయి.
కలిపిన కాంక్రీటు ఆగదు.
ఆపితే, బిల్డింగు బతికినన్నాళ్ళు
అతుకు కాడ నీళ్ళు కారుతయి.
తండా ఆడోళ్ళు పంతొమ్మిది మంది
పొద్దుగూకినంక గూడ తట్టలు దించలే.
ఒక్క బల్బు. మిల్లరు చప్పుడు.
"బిల్లొచ్చినంక ఇయ్యుండ్రి" అన్నది రమావత్ జాంకి.
రాత్రి పదకొండింటికి స్లాబు నిండింది.
బిల్లు రాలే.
ఒక్కొక్కరి సగం రోజు
ఆ స్లాబుల గట్టిపడి ఉన్నది ఇప్పటికీ.

ఏ పద్దుల రాస్తరు బిడ్డా ఇది, అని అడిగిన.
నవనీత శానాసేపు సోంచాయించింది.
"విరాళమని రాయరు నాయినా. బాకీ అని గూడ రాయరు."

ప్రారంభోత్సవానికి సేటు రాయినే వాడమన్నరు.
ఆయన తల్లి పేరు అరగదీస్తుంటే చేతులు ఆడలే,
ఆ తల్లి ఏం పాపం చేసింది.
కొత్త పేర్లు చెక్కిన. పెద్దోళ్ళయి పెద్దగ.
ఆ రాత్రి రాయిని బోర్లేసి
ఎనక మొకం మీద పంతొమ్మిది పేర్లు.
జాంకికి దీర్ఘమున్నదా అని ముందే అడిగిన.
"నీకెట్ల సక్కగుంటే అట్ల" అని నవ్వింది.
అలవాటు కొద్ది లెక్కబెట్టిన: నూట ఇరవై ఒకటి.

తెల్లారి గోడకు ఎత్తుతుంటే
మేస్త్రి అంజిలప్ప ఎనకదిక్కు చెయ్యి పెట్టి తడిమిండు.
"ఇదేందే, గరుకున్నది?"

సిమెంటు మంచిగ పట్టుకోవాలె గదా, అన్న.